ఆపరేషనుకు ముందు భయం, ఆ తరువాత భ్రమ: ఇంటి పెద్దల విషయంలో మన బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మేము మాట్లాడేది పిల్లల చదువు గురించే. బడిలో హాజరు, పదవ తరగతి ఫలితాలు, ఉర్దూ పాఠ్యపుస్తకాల కొరత, ఇవే మా మాటలు. ఈసారి మాత్రం వేరే విషయం మాట్లాడతామని కార్యదర్శిగారిని మేమే అడిగి ఒప్పించాము. మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించండి. కానీ మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందులో మా వల్ల రెండు తప్పులు జరిగాయి. ఆ తప్పులు ఇక్కడ కూర్చున్న ఏ ఇంట్లోనూ జరగకూడదని ఈ నాలుగు మాటలు.

2018 చలికాలంలో మా అమ్మీ ఫజర్ నమాజుకు వజూ చేసుకుంటూ తడి బండల మీద జారి పడింది. అప్పుడు ఆమెకు 74 ఏళ్ళు. తుంటి ఎముక విరిగింది. జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాము. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఆపరేషను చేసి రాడ్డు వేయాలన్నారు. ఈ వయసులో మంచాన పడి ఉంటే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదన్నారు. అది నిజమే. మేము వెంటనే ఒప్పుకున్నాము.

ఒప్పుకున్నది మేము. అమ్మీని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె మంచం మీద నుంచి, "ఏమంటున్నారు బేటా డాక్టర్లు?" అని అడిగింది. మేము మా ఆపా ముఖం చూశాము, ఆపా మా ముఖం చూసింది. "ఏమీ లేదమ్మీ, ఎముక సరిచేసి కట్టు కడతారట" అన్నాము. ప్రేమతోనే అబద్ధం చెప్పాము. ఆపరేషను అంటే ఆమె గుండె ఆగిపోతుందేమోనని భయం. మా ఇళ్ళల్లో అందరూ చేసేది ఇదేగదా! అబ్బా క్యాన్సరుతో పోయినప్పుడు కూడా ఆయనకు చివరిదాకా ఆ పేరు చెప్పనివాళ్ళం మేము.

అయితే ఏమైందంటే, మరునాడు ఉదయం ఒక నర్సమ్మ వచ్చి ముక్కుపుడక తీయమన్నది, చేతి గాజులు తీయమన్నది, కట్టుడు పళ్ళు, కళ్ళద్దాలు కాగితం పొట్లంలో పెట్టి మా చేతికిచ్చింది. ఆకుపచ్చ గౌను తొడిగారు. మగ మనుషులు వచ్చి బండి మీదికి ఎత్తారు. ముక్కుపుడక తీసేటప్పుడు అమ్మీకి అర్థమైపోయింది. మా చెయ్యి పట్టుకొని మా ముఖంలోకి చూసిన ఆ చూపు ఇప్పటికీ మా కళ్ళముందే ఉన్నది. ఒక్క మాట కూడా అనలేదు. తలుపు మూసుకున్నది.

సోదరులారా, ముసలివాళ్ళకు కత్తి అంటే భయమని మనం అనుకుంటాము. తరువాత నెల రోజులకు అమ్మీ తనంతట తానే చెప్పిన మాటలు వింటే మాకు ఆశ్చర్యం వేసింది. ఆమె భయాలు వేరు. పరాయి మగవాళ్ళ ముందు ఒళ్ళు తెలియకుండా పడి ఉండాలే అన్నది మొదటి భయం. నమాజులు తప్పిపోతాయన్నది రెండవది. పొరుగింటి ఆవిడకు ఇవ్వవలసిన బాకీ ఎవరికీ చెప్పలేదే అన్నది మూడవది. ఇవి మత్తు మాత్రతో పోయే భయాలా? ఒక ఆడ నర్సు దగ్గర ఉంటుందని చెప్పి ఉంటే, జబ్బుపడినవాళ్ళు కూర్చొని, పడుకొని, సైగలతోనైనా నమాజు చేయవచ్చునని గుర్తుచేసి ఉంటే, "బాకీలేమైనా ఉన్నాయా అమ్మీ?" అని అడిగి ఉంటే, మూడూ పది నిమిషాల్లో తీరేవి. ఆ పది నిమిషాలు మేము ఇవ్వలేదు.

మంచి మాట మందులా పనిచేస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. 1964లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎగ్బర్ట్ అనే మత్తు వైద్యుడు, ఆయన సహచరులు కడుపు ఆపరేషను చేయించుకున్న 97 మందిపై ఒక పరిశీలన చేసి ప్రచురించారు. వారిలో సగం మందికి దగ్గర కూర్చొని నొప్పి ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, ఎలా పక్కకు తిరగాలో, ఎలా ఊపిరి తీయాలో ముందే చెప్పారు. మిగతావారికి ఆ మాటలు చెప్పలేదు. చెప్పించుకున్నవారికి తరువాత నొప్పి ఇంజెక్షన్లు దాదాపు సగమే అవసరమయ్యాయి, ఇంటికి కూడా ముందే పోయారు. ఖర్చులేని మందు ఇది.

మత్తు అంటే మన జిల్లాల్లో ఉన్న పాత భయానికి ఒక చరిత్ర ఉన్నది. 1846లో బోస్టన్‌లో ఈథరు, 1847లో ఎడింబరోలో క్లోరోఫాం వాడుకలోకి వచ్చాయి. క్లోరోఫాం తీసుకున్నవారిలో కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వాదం తేల్చడానికి మన హైదరాబాదులోనే, నిజాం ప్రభుత్వం ఖర్చుతో, 1888లో, 1889లో రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. డాక్టరు ఎడ్వర్డ్ లారీ వాటికి నాయకుడు. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలు అని ఆయన వాదం. గుండెకు కూడా నేరుగా ప్రమాదమున్నదని తరువాత తేలింది. ఇప్పుడు ఆపరేషను గదుల్లో ఆ క్లోరోఫాం లేదు. వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువును క్షణక్షణం చూస్తున్నారు. "మత్తు ఇస్తే లేవరు" అన్న మాట మన తాతల కాలం నాటిది. ఆ సంగతి కూడా మేము అమ్మీకి చెప్పి ఉండవలసింది.

ఇక రెండవ సంగతి. ఆపరేషను బాగా జరిగింది. సాయంత్రం అమ్మీ కళ్ళు తెరిచింది, నీళ్ళు అడిగింది, అందరినీ గుర్తుపట్టింది. అల్‌హందులిల్లా అనుకొని చుట్టాలను ఇంటికి పంపించాము. రాత్రి పదకొండు దాటిన తరువాత మొదలైంది. గోడమీద ఎర్ర చీమలు పాకుతున్నాయన్నది. పదేళ్ళ క్రితం పోయిన అబ్బాను పేరుపెట్టి పిలిచింది. అబ్బా ఉన్నన్నాళ్ళూ ఆయన పేరు ఎన్నడూ పలకని మనిషి! నర్సమ్మ సెలైను సీసా మారుస్తుంటే విషం ఎక్కిస్తున్నారని కేకలు వేసింది. నర్సమ్మ పాపం, "అవ్వా, కాలు కదపొద్దవ్వా" అని బతిమాలింది. అంత చక్కగా తెలుగు మాట్లాడే అమ్మీ నోట ఆ రాత్రి ఒక్క తెలుగు ముక్క రాలేదు. మేము దగ్గరికి పోతే, "నువ్వు నా కొడుకువు కాదు. నా కొడుకు నన్ను ఇట్లా అమ్ముకోడు" అన్నది.

చేతి సూది పీక్కున్నది, రక్తం కారింది. మా బంధువు ఒకాయన, "ఇది పైగాలి సోకింది, ఎవరినైనా పిలిపించి ఊదించాలి" అన్నాడు. మరొకరు, "పిచ్చెక్కింది, ఇక ఇంతే" అన్నారు. మేము చదువుకున్నవాళ్ళం గదా, ఏం చేశామంటారా? ఆమె దుపట్టాతోనే ఆమె రెండు చేతులూ మంచం పట్టీకి కట్టాము. సూది కాపాడాలని కట్టాము. కట్టిన కొద్దీ ఆమె పెనుగులాట ఎక్కువైంది. తెల్లవారేదాకా అదే.

పొద్దున వచ్చిన డ్యూటీ డాక్టరమ్మ మొదట ఆ కట్లు విప్పించింది. తరువాత మాకు చెప్పింది: ఇది పిచ్చి కాదు, గాలి కాదు. దీనికి ఇంగ్లీషులో డెలీరియం అంటారు. మన తెలుగులో సంధి మాటలు, సంధి ప్రేలాపన అని పాతకాలం నుంచి ఉన్నది ఇదే. మన హకీములు హిజ్యాన్ అనేవారు. కొత్త జబ్బేమీ కాదు. 1955లోనే ఇంగ్లండుకు చెందిన బెడ్‌ఫర్డ్ అనే వైద్యుడు, ఆపరేషను తరువాత ముసలివారి మనసుకు కలుగుతున్న ఈ చెరుపు గురించి లాన్సెట్ పత్రికలో వ్రాశాడు.

దీని గుర్తులు చాలా తేలిక. ఒకటి, హఠాత్తుగా వస్తుంది, తరచుగా ఆపరేషను జరిగిన మూడు రోజుల లోపల. రెండు, ఒకసారి బాగుంటారు, గంటకు మళ్ళీ మారతారు. రాత్రిపూట హెచ్చుతుంది. మూడు, మనసు ఒకచోట నిలువదు. వారాల పేర్లు వెనుక నుంచి చెప్పమంటే శుక్రవారం దాటలేరు. నాలుగు, మాట ఒకదానికొకటి పొంతన ఉండదు, లేదా మనిషి మరీ మెలకువగానో మరీ మగతగానో ఉంటారు. మతిమరుపు జబ్బు నెలలు, సంవత్సరాలు పట్టి మెల్లగా వచ్చేది. ఇది గంటల్లో వచ్చేది. రెండూ ఒకటి కాదు. ముందే కొంత మతిమరుపు ఉన్నవారికి మాత్రం ఇది తేలికగా పట్టుకుంటుంది.

"అంతా ఆ మత్తు మందు వల్లే" అని మనవాళ్ళు అంటారు. నడుముకు సూది వేస్తే రాదు, పూర్తి మత్తు ఇస్తేనే వస్తుందని మేమూ అనుకునేవాళ్ళం. 2021లో తుంటి విరిగిన 1600 మందిపై జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. నడుముకు మత్తు ఇచ్చినవారిలో నూటికి 20.5 మందికి, పూర్తి మత్తు ఇచ్చినవారిలో 19.7 మందికి ఈ సంధి వచ్చింది. లెక్కల మాస్టర్లం కాబట్టి చెబుతున్నాము, ఇది తేడా కింద లెక్కకు రాదు. అయిదుగురిలో ఒకరికి, ఏ మత్తైనా సరే! కావున కారణం ఒక్కటే అనుకోకూడదు. నొప్పి, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, మలమూత్రాలు నిలిచిపోవడం, జ్వరం, చీము, ప్రాణవాయువు తగ్గడం, రక్తంలో ఉప్పు తగ్గడం, కొన్ని రకాల మందులు, ఇన్నీ కలిసి ముసలి మెదడు మీద పడతాయి. కళ్ళద్దాలు లేవు, చెవి మిషను లేదు, గడియారం లేదు, కిటికీ లేదు, అంతా కొత్త ముఖాలు. అట్లాంటి చోట వయసులో ఉన్న మనల్ని పెట్టినా తికమక పడతాము.

ఇంకొక విచిత్రం వినండి. భయం తగ్గించడానికని, నిద్ర పట్టడానికని ఇచ్చే కొన్ని మాత్రలు, ముఖ్యంగా డయజిపాం, లోరజిపాం జాతివి, ముసలివారిలో ఈ సంధిని తెచ్చే ప్రమాదం ఉన్నది. అంటే మనం చెప్పవలసిన ధైర్యం మాటకు బదులు మాత్ర వేయిస్తే, ఒక కష్టం తప్పించబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్లు. అయితే ఏళ్ళ తరబడి మెడికల్ షాపులో కొని ఆ మాత్రలు వేసుకుంటున్నవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. అందుకే డాక్టరుకు ఏదీ దాచకూడదు. నిద్రమాత్రలు, హకీమ్ మందులు, పొగాకు, చెప్పడానికి సిగ్గుపడే మరో అలవాటు ఉన్నా సరే, ముందుగానే చెప్పాలి.

అమ్మీ సంగతి పూర్తి చేస్తాము. మూడవ రోజు ఆమె కేకలు ఆగిపోయాయి. నిమ్మళంగా పడుకున్నది. చుట్టాలందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ డాక్టరమ్మ మాత్రం ఊరుకోలేదు. అరిచే సంధి ఒకటుంటే, మూగ సంధి ఇంకొకటుంటుంది, దాన్ని ఎవరూ కనిపెట్టరు, అందుకే దానివల్ల నష్టం ఎక్కువ అన్నది. రక్తపరీక్ష చేయిస్తే సోడియం బాగా తగ్గిందని తేలింది. దానికి వైద్యం చేశారు. కళ్ళద్దాలు పెట్టించారు, పళ్ళు పెట్టించారు, కిటికీ పక్క మంచానికి మార్చారు, నాలుగవ రోజున ఇద్దరు పట్టుకొని లేపి నిలబెట్టారు. ఆపా పక్కన కూర్చొని గంటకొకసారి, "అమ్మీ, ఇది ఆసుపత్రి, ఈరోజు బుధవారం, కాలికి ఆపరేషను అయింది, మేమందరం ఇక్కడే ఉన్నాము" అని ఉర్దూలో చెబుతూ వచ్చింది. వారం తిరిగేసరికి మనిషి మనిషైంది.

డిశ్చార్జి అయ్యే రోజున మూటలు సర్దుతుంటే అమ్మీ మెల్లగా అన్నది: "ఆ రాత్రి నా చేతులు కట్టింది నువ్వే గదా బేటా."

సంధిలో జరిగింది వాళ్ళకు గుర్తుండదని మనం అనుకుంటాము. చాలామందికి గుర్తుంటుంది. మేము ఏమీ అనలేక ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాము. ఆమె మా తల నిమిరింది. మన్నించింది, తల్లి గదా. ఆ తరువాత అయిదేళ్ళు చేతికర్రతో నడిచి, 2023లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. కానీ నిజం చెప్పాలి, ఆ వారం తరువాత ఆమె జ్ఞాపకశక్తి మునుపటంత కాలేదు. పోపులో ఉప్పు రెండుసార్లు వేసేది. సంధి చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది, కొందరిలో ఇట్లాంటి మచ్చ మిగిలిపోతుంది. అందుకే రాకుండా చూసుకోవడం ముఖ్యం.

చూసుకోవచ్చునా? చాలావరకు చూసుకోవచ్చును. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనౌయీ అనే డాక్టరమ్మ, ఆమె తోటివారు 852 మంది రోగులపై చేసిన పరిశీలన ప్రచురించారు. అందరూ 70 ఏళ్ళు, ఆపైనవారే. వీరు ఆపరేషను రోగులు కారు, మామూలు వైద్యానికి చేరినవారు. కొందరికి రోజూ వార్త చెప్పడం, కళ్ళద్దాలు, చెవి మిషన్లు అందించడం, నడిపించడం, నీళ్ళు తాగించడం, రాత్రి గోరువెచ్చని పాలిచ్చి దీపాలు, శబ్దాలు తగ్గించి నిద్ర పట్టనివ్వడం, ఇవే చేశారు. మామూలు సేవ పొందినవారిలో నూటికి 15 మందికి సంధి వస్తే, ఈ శ్రద్ధ పొందినవారిలో సుమారు 10 మందికే వచ్చింది. ఆపరేషను రోగులకు కూడా ఇట్లాంటి సేవే చేయాలని 2015లో అమెరికా వృద్ధవైద్య సంఘంవారు సూచించారు. అక్కడ ఈ పనులకు శిక్షణ ఇచ్చిన వలంటీర్లను పెట్టుకున్నారు. మన దగ్గర కొడుకులు, కోడళ్ళు, మనవలు మంచం చుట్టూ ఉండనే ఉంటారు. ఉన్నారు గానీ ఏం చేయాలో తెలియదు, అంతే తేడా.

2022లో మా మామగారికి ప్రోస్టేటు ఆపరేషను అయింది. జీవితమంతా దర్జీ పని చేసిన మనిషి. ఈసారి అన్నీ ముందే చెప్పాము. డాక్టరుగారితో ఆయననే మాట్లాడించాము. గోడగడియారం ఇంటి నుంచి తీసుకుపోయి ఎదురుగా తగిలించాము. అయినా రెండవ రాత్రి ఆయన గాలిలో సూదికి దారం ఎక్కిస్తూ, దుప్పటి అంచు కుట్టడం మొదలుపెట్టారు. "ఈద్ దగ్గరికొచ్చింది, షేర్వానీ ఇవ్వాలి" అన్నారు. మేము వాదించలేదు, నవ్వలేదు. ముందు నర్సును పిలిచాము. ఆమె జ్వరం, మూత్రం గొట్టం, ఆక్సిజను చూసి డాక్టరుకు ఫోను చేసింది. గొట్టం మూసుకుపోతున్నది, సరిచేశారు. చెయ్యి పట్టుకొని, "మామూ, ఇది ఆసుపత్రి, రాత్రి రెండయింది, షేర్వానీ పొద్దున చూద్దాం" అన్నాము. కట్లు లేవు, కేకలు లేవు. మరునాటికి సర్దుకున్నది. రాకుండా ఆపలేకపోయాము. కానీ అదేమిటో తెలుసు కాబట్టి ఆయన పరువు పోకుండా దాటించగలిగాము.

కావున మా మనవి ఇది. ఆపరేషను మాట వచ్చినప్పుడు పెద్దవారికి నిజం చెప్పండి, వాళ్ళకు అర్థమయ్యే భాషలో, మెల్లగా. దేనికి భయపడుతున్నారో అడిగి వినండి. మునుపు ఎప్పుడైనా ఇట్లా తికమకపడ్డారా, మరుపు ఉన్నదా అన్నది మత్తు డాక్టరుకు చెప్పండి. పస్తు విషయంలో ఆసుపత్రివారి మాటే ప్రమాణం. సాధారణంగా తిండి ఆరు గంటల ముందు ఆపిస్తారు, మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. ఎప్పటిదాకా తాగవచ్చునో అడిగి తెలుసుకోండి, ముసలివారిని రాత్రి నుంచి ఊరికే ఎండబెట్టకండి. కళ్ళద్దాలు, పళ్ళు, చెవి మిషను పొట్లం కట్టి ఇంటికి పంపవద్దు, మెలకువ రాగానే పెట్టించండి. పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉండనివ్వండి. పదిమంది ఒక్కసారిగా మంచం చుట్టూ చేరకండి, తెలిసిన ముఖాలు ఇద్దరు వంతులవారీగా ఉండండి. మాట తేడా వచ్చినా, మరీ మౌనంగా ఉన్నా వెంటనే డాక్టరుకు చెప్పండి. లోపల ఇంకేదో జబ్బు ఉన్నదని చెప్పే గంట అది. దువా చేసుకోండి, దానికెవరు అడ్డు? కానీ డాక్టరును పిలిచిన తరువాత. చేతులు మాత్రం కట్టవద్దు, చెయ్యి పట్టుకోండి.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. మన కుర్రవాళ్ళు పదిమంది, అమ్మాయిలు పదిమంది పేర్లు ఇస్తే, రాత్రి తోడు లేని ముసలివారి దగ్గర వంతులు వేసుకొని కూర్చోవచ్చు. తెలుగు మాత్రమే వచ్చిన నర్సుకు, ఉర్దూ మాత్రమే నోట వస్తున్న రోగికి మధ్య మాట అందించవచ్చు. నొప్పి, దాహం, మూత్రం, భయం, ఈ నాలుగు మాటలు రెండు భాషల్లో వ్రాసిన అట్టముక్క మేము మా బడి పిల్లలతో వ్రాయించి ఇస్తాము. ఏ మతంవారైనా సరే, పక్క మంచంవారికి కూడా ఆ తోడు అందాలి. దీనికి చందా అక్కరలేదు, రాత్రికి నాలుగు గంటల నిద్ర ఇస్తే చాలు. మొదటి పేరు మాదే వ్రాసుకోండి.